ఆదివారం బ్యాటరీ

సోమవారం పొద్దున ఆ ఊళ్లో ట్రాక్టరు స్టార్టు కాదు. ఎందుకు కాదో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. ఆదివారం టీవీ చూశారు కాబట్టి.

పాల సొసైటీ ప్రెసిడెంటు వెంకట్రాజం ఇంటికి టీవీ వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. ఆదివారం పొద్దున దేవుడి కథ మొదలయ్యే వేళకు సరిగ్గా కరెంటు పోతుంది. అరుగు నిండా జనం. ముందు వరసలో చేతులు జోడించుకుని కూర్చున్న ముసలమ్మలు. తెర నల్లబడగానే అందరూ ఒక్క గొంతుతో అరుస్తారు, బాటరీ అని. ఇద్దరు మనుషులు పరుగున పోయి సొసైటీ ట్రాక్టరు బ్యాటరీని విప్పి, మోసుకొచ్చి, టీవీకి తగిలిస్తారు. దేవుడు మళ్లీ కనిపిస్తాడు. జనం కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోతారు. బ్యాటరీ మాత్రం చచ్చిపోతుంది.

ఆ చచ్చిన బ్యాటరీతో సోమవారం కుస్తీ పట్టేది ఇమాం పాషా. సొసైటీ ట్రాక్టరుకు అతనే డ్రైవరు. యాభై దాటిన మనిషి, పరకాల నుంచి సైకిల్ తొక్కుకుంటూ వస్తాడు. "సాబ్, గిట్ల వారం వారం పీల్చి పీల్చి బాటరీకి పానం లేకుండ జేసిండ్లు. దినమంత ఇంజను నడిచినా ఇగ నిండుతలేదు" అని వెంకట్రాజానికి ఎన్నిసార్లు చెప్పాడో. "కొందాం పాషా, వచ్చే నెల కొందాం" అంటాడు వెంకట్రాజం. ఆయన చెడ్డవాడేం కాదు. ఆయన వచ్చే నెల ఎప్పుడూ వచ్చే నెలే, అంతే.

ఎనభై ఏడు ఎండాకాలం అది. కరువు. ఎటు చూసినా పశువులకు గడ్డి లేదు. ఈ ఊళ్లో మాత్రం బావుల కింద యాసంగి వరి పండి, ఊరి బయట దిబ్బ మీది కళ్లంలో గడ్డివాములు లేచాయి. ఆ గడ్డిని పశువులు డొక్కలెండి పడి ఉన్న ఊళ్లకు పంపాలి. విడిగడ్డిని లారీకెత్తితే లారీ నిండినట్టు కనిపిస్తుంది, తీరా అక్కడ దించితే నాలుగు పశువులకు రాదు. అందుకని పై సొసైటీ వాళ్లు ఎక్కడినుంచో గడ్డిని కట్టలు కట్టే మిషను తెప్పించి ఇచ్చారు. ఊరు దాన్ని కట్టల మిషను అంది. ట్రాక్టరు వెనక తగిలిస్తే, ట్రాక్టరు ఇంజను బలంతోనే అది నడుస్తుంది. ఒక పక్క నోట్లో గడ్డి వేస్తుంటే, లోపల దిమ్మె దంచి దంచి అదిమి, సుతిలితో రెండు చుట్లు చుట్టి, రెండో పక్క నుంచి బిగువైన కట్టను బయటికి తోస్తుంది.

దాన్ని నడపడం నేర్పడానికి ఒక సర్దార్జీ మెకానిక్కు వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు, ఊరికి హిందీ రాదు. ఇమాం పాషాకు ఇంటి ఉర్దూ ఉంది కాబట్టి నేర్చుకునే పని అతని మీద పడింది. సర్దార్జీ చెప్పిందంతా ఒక ఎత్తు, పోయేముందు అతని భుజం పట్టుకుని చెప్పింది ఒక ఎత్తు. గడ్డి ఇరికినా, సుతిలి తెగినా, ముందు ఇంజను ఆపు. తాళంచెవి జేబులో వేసుకో. ఇంజను ఆగినా మిషను పక్కనున్న పెద్ద చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది పూర్తిగా నిలబడేదాకా చూడు. ఆ తరవాతే చెయ్యి పెట్టు. ఈ మిషనుకు గడ్డి ఏదో, చెయ్యి ఏదో తెలియదు.

ఇమాం పాషా ఆ మాటను పట్టుకున్నాడు. పట్టుకుని ఊరందరికీ చేదయ్యాడు.

ఎందుకంటే బ్యాటరీ లేని ట్రాక్టరును ఆపడమంటే ఆపడం కాదు, అదొక పెద్ద తతంగం. మిషనును వదిలించాలి. షాఫ్టు తీయాలి, పిన్ను తీయాలి, అందరూ చేరి ట్రాక్టరును దిబ్బ అంచుదాకా నూకాలి. అక్కడినుంచి వాలులో అది దొర్లుతూ పోతే, ఇమాం పాషా గేరు వేసి క్లచ్చి వదిలితే, నాలుగు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంటుంది. మళ్లీ చుట్టు తిరిగి దిబ్బ ఎక్కాలి. మళ్లీ వెనక్కి వచ్చి మిషనుకు తగిలించాలి. నూకేది ఎవరు? గడ్డి వేసే కూలీలే. ఎండలో గడ్డి దుమ్ము మింగుతూ పని చేసే ఆడవాళ్లే. అందుకే అతనికి ఆపుడు పాషా అని పేరు పెట్టారు. మొదట వెనకాల అన్నారు, తరవాత మొహం మీదే అన్నారు.

ఆ సోమవారం కూడా పొద్దున్నే నూకారు. అది రంజాన్ నెల. ఇంకా తెల్లవారక ముందే భార్య తాహెరా లేపి పెట్టిన రెండు రొట్టెల మీద ఇమాం పాషా రోజా ఉన్నాడు. ఇంజను అందుకున్నాక దిబ్బ ఎక్కి, మెడ వెనక్కి తిప్పి, ట్రాక్టరును మిషను దగ్గరికి వెనకకు పోనిచ్చాడు. వెనక కొమురెల్లి నిలబడి చేత్తో సైగ చేస్తున్నాడు.

కొమురెల్లి అతనికి కుడిభుజం. ముప్పై అయిదేళ్ల వాడు, గట్టి మనిషి, ఒక్క చోట నిలబడలేడు. మాసిన తువ్వాలను భుజం మీదుగా తీసి చంక కింద ముడి వేసుకుని తిరుగుతుంటాడు. అది నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో గానీ, పలచబడి జల్లెడలోంచి చూసినట్టు అందులోంచి వెలుతురు కనిపిస్తుంది.

"ఇంక జర... జర... ఆఁ, రానియ్యి, బస్!" అన్నాడు కొమురెల్లి. రంధ్రం రంధ్రం కలిసింది. పిన్ను దించి, అది పైకి లేవకుండా అడ్డం తీగ పెట్టాడు. తరవాత షాఫ్టు. మిషను నుంచి ముందుకు సాగిన ఆ ఇనప కడ్డీని ట్రాక్టరు వెనక తిరిగే మొనకు ఎక్కించి, టక్కుమని కూర్చునేదాకా నెట్టాలి. కూర్చున్నదో లేదో మళ్లీ గట్టిగా గుంజి చూడాలి. సగం కూర్చున్న షాఫ్టు తిరుగుతూ తిరుగుతూ ఊడిందంటే ఎదుటివాడి మోకాళ్లు ఉండవు. ఇమాం పాషా స్వయంగా దిగి గుంజి చూశాడు. ఆ పైన షాఫ్టు మీద రేకు తొడుగు వేసి బిగించారు. మిషను చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు.

"పెండ్లికొడుకును తయారు చేసినట్టు జేస్తానవ్ పాషన్నా" అంది మొగిలమ్మ. కూలీల్లో పెద్దది, నోరు పెద్దది.

"పెండ్లే గదా పెద్దమ్మా. పీటల మీద కూసున్నంక లేవద్దు మరి" అన్నాడు ఇమాం పాషా. అందరూ నవ్వారు. పొద్దున పూట కాబట్టి నవ్వారు.

రాత్రి ఎప్పుడో చినుకులు పడి వాము పైపొర తడిసింది. తడి గడ్డి ముద్దలు ముద్దలుగా నోట్లోకి పోతోంది. నాలుగు కట్టలు పడ్డాయో లేదో, మిషను గుర్రుమని ఇరుక్కుంది. ఇమాం పాషా స్టాపు వైరు గుంజాడు. ఇంజను ఆగింది. తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చక్రం నిలబడేదాకా చెయ్యి అడ్డం పెట్టి కొమురెల్లిని ఆపాడు. ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ముద్ద తీయడం చిటికెలో పని. కానీ ఆ తరవాత తొడుగు విప్పు, షాఫ్టు తియ్యి, పిన్ను తియ్యి, నూకు, దొర్లించు, తిప్పి తీసుకురా, తగిలించు. మళ్లీ పది కట్టలు. మళ్లీ సుతిలి తెగింది. మళ్లీ స్టాపు వైరు. మళ్లీ నూకుడు. ఎండ ఎక్కింది. గడ్డి దుమ్ము చెమటకు అంటుకుని ఒళ్లంతా దురద. ఇమాం పాషా నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ట్రాక్టరును నూకేటప్పుడు అతను కూడా స్టీరింగు ఒక చేత్తో పట్టుకుని కింద నడుస్తూ నూకుతున్నాడు. నేనొక్కణ్ని పైన కూర్చుంటే వీళ్ల కడుపు మండదా అనుకున్నాడు. నిజానికి అందరికంటే ముందు అతనికే కూలబడాలని ఉంది.

మూడోసారి నూకి వచ్చాక కొమురెల్లి రేకు తొడుగును తీసి వాము పక్కన పారేశాడు. "ఊకె ఇప్పుడు, ఊకె బిగిచ్చుడు. గీ రేకుతోనే సగం పొద్దు పోతాంది పాషన్నా. సాయంత్రం ఏసుకుందాం తీయ్" అన్నాడు.

ఇమాం పాషా ఆ రేకును చూశాడు. తొడగమని చెప్పాలి. చెబితే కొమురెల్లి తొడుగుతాడు కూడా. కానీ ఆ ఒక్క మాట చెప్పడానికి నోరు తడి లేక, ఒంట్లో ఓపిక లేక, ఊరుకున్నాడు.

మధ్యాహ్నం లారీ వచ్చింది. సాయంత్రం రావలసినది ముందే వచ్చి దిబ్బ కింద నిలబడి హారను కొట్టడం మొదలుపెట్టింది. దాని వెనకే వెంకట్రాజం స్కూటరు మీద వచ్చాడు. కట్టలు చూసి మొహం మాడ్చుకున్నాడు. ఆయన నోరు తెరిచేలోపే మిషను మళ్లీ ఇరుక్కుంది. ఇమాం పాషా చెయ్యి స్టాపు వైరు మీదికి పోయింది.

"ఆపినవంటే సూడు!" అని అరిచింది కట్టమ్మ.

కట్టమ్మ కొమురెల్లి పెళ్లాం. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. అటువంటిది చేతిలో గడ్డి పడేసి, కొంగు నడుముకు చుట్టి, ఎదురుగా వచ్చి నిలబడింది. "మేం నూకం. నేనైతే నూక. పొద్దుగాల సంది నా నడుము ఇరిగింది. గడ్డి ఏసుడు మా పని, బండి నూకుడు మా పని గాదు. ఆపుతె నువ్వే నూకుకో."

"ఔ, మేమూ నూకం" అని మొగిలమ్మ వంత పాడింది. మిగతా ఆడవాళ్లు అక్కడే గడ్డి మీద చతికిలబడ్డారు.

ఇమాం పాషాకు వాళ్ల మీద కోపం రాలేదు. వాళ్లన్నదాంట్లో అబద్ధం ఏముంది? కోపమంతా ఆ బ్యాటరీ మీద వచ్చింది. నిన్న అదే బ్యాటరీ ముందు వీళ్లంతా దండం పెట్టుకుని కూర్చున్నారు. మొన్న రోజాలు మొదలుకాక ముందు ఆదివారం తనూ అరుగు చివర నిలబడి చూశాడు కదా. ఎవరిని అనాలి?

"పాషా, ఇంజను ఎందుకయ్యా ఆపుడు? షాఫ్టు తిరుగకుంటె సాలు గదా. లివరు ఎత్తు, షాఫ్టు ఆగుతది. ఇంజను దాని పాటికి అది నడుస్తది. గంత ఫికరేంది నీకు?" అన్నాడు వెంకట్రాజం.

"ఆ లివరు అరిగింది సాబ్. ఎత్తితె నిలువది. ఇంజను అదురుకు దానంతట అదే కిందికి పడ్తది. పడ్డదంటే షాఫ్టు తిరుగుతది. మీకు చెప్పిన, బాగు జేపిద్దామని."

"చెప్పినవు, చేపిద్దాం. ఇయ్యాల్టికి చేత్తోని పట్టుకో. దాన్ని ఒక నిమిషం పట్టుకునుడు నీతోని కాదా?"

"నువ్వు పట్టుకో పాషన్నా, నేను చిటికెల తీస్త" అన్నాడు కొమురెల్లి. లారీ మళ్లీ హారను కొట్టింది.

ఒక్కడు కాదంటాడు, పదిమంది అవునంటారు. ఎన్నాళ్లు కాదంటాడు? ఇమాం పాషా స్టాపు వైరు మీది చెయ్యి తీసి లివరు మీద పెట్టి పైకి ఎత్తి పట్టుకున్నాడు. షాఫ్టు ఆగింది. కొమురెల్లి ముద్ద లాగి పారేసి, చెయ్యి ఊపాడు. లివరు దించితే మిషను మళ్లీ దంచడం మొదలుపెట్టింది. ఇంతే. నూకుడు లేదు, విప్పుడు లేదు. ఆడవాళ్లు ఈలలు వేయడం ఒకటే తక్కువ.

ఆ తరవాత పని పరుగెత్తింది. ఇరికినప్పుడల్లా లివరు ఎత్తి పట్టుకోవడం, కొమురెల్లి చెయ్యి పెట్టడం, దించడం. కట్టలు వరసగా బయటికి వస్తున్నాయి. లారీ సగం నిండింది. మొగిలమ్మ పాట ఎత్తుకుంది. కట్టమ్మ కూడా నవ్వింది. "సూసినవా పాషన్నా, ఆపకపోతె ఏమన్న ముంచుకపోయిందా?" అని కొమురెల్లి గట్టిగా అరిచాడు. ఏమీ కాలేదు. ఇన్నాళ్లూ నేనే ఉత్తగా భయపడి అందరి ఉసురు పోసుకున్నానేమో అని ఇమాం పాషాకు కూడా అనిపించింది. అలా అనిపించడం అతనికి ఎంతో హాయిగా ఉంది.

మళ్లీ ఇరికింది. ఈసారి లోపల కాదు, గడ్డి పాయలు షాఫ్టుకే చుట్టుకున్నాయి. ఇమాం పాషా లివరు ఎత్తి పట్టుకున్నాడు. కొమురెల్లి చుట్టు తిరిగి రావాలి. కానీ ఆ పూటంతా అలవాటైపోయి, షాఫ్టు మీదుగా ఇటు ఒక కాలు, అటు ఒక కాలు వేసి వంగి, చుట్టుకున్న గడ్డిని పీకడం మొదలుపెట్టాడు. తువ్వాల కొస వేలాడుతోంది. ఇంజను అదురుకు లివరు ఇమాం పాషా అరచేతిలో ఒకటే కొట్టుకుంటోంది. నుదుటి మీది చెమట, దుమ్ము కలిసి కంట్లోకి దిగింది. భగ్గుమని మండింది. కళ్లు కనిపించలేదు.

అతను చెయ్యి తీసి కళ్లు తుడుచుకున్నాడు. అంతే. ఎవరైనా తుడుచుకుంటారు.

లివరు పడింది.

కేక ముందు వినబడిందో, స్టాపు వైరు ముందు గుంజాడో అతనికి ఎప్పటికీ తెలియదు. కళ్లు తెరిచేసరికి కొమురెల్లి షాఫ్టు మీద బోర్లా పడి ఉన్నాడు. తువ్వాల షాఫ్టుకు చుట్టుకుని, అతని భుజాన్ని కిందికి లాగి మెలితిప్పేసింది. ఇంకొక్క చుట్టు చుట్టుకుంటే మనిషే లోపలికి పోయేవాడు. ఆ చుట్టు పడలేదు. పరపరమని తువ్వాల చినిగిపోయింది. ఇంజను ఆగాక కూడా సగం తువ్వాల షాఫ్టు మీద గిరగిరా తిరుగుతూనే ఉంది. పెద్ద చక్రం నిలబడేదాకా అది తిరిగింది. అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు.

కొమురెల్లిని అదే లారీలో గడ్డికట్టల మీద పడుకోబెట్టి వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. భుజం కీలు ఊడింది, పై ఎముక రెండు చోట్ల విరిగింది. చెయ్యి తీసెయ్యక్కరలేదన్నారు. కానీ ఏడాదిదాకా బరువు మొయ్యలేడు, ఆ తరవాత కూడా మునుపటిలాగా లేవకపోవచ్చన్నారు. పొద్దు గుంకింది. దవాఖాన మెట్ల మీద ఇమాం పాషా మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు. మగ్రిబ్ అజాన్ వినబడింది. రోజా విడవడానికి చేతిలో ఒక్క ఖర్జూరం కూడా లేదు. ఎవరో పక్కన గ్లాసు పెట్టిన చప్పుడైంది. కట్టమ్మ. నల్లా నీళ్లు పట్టుకొచ్చి పెట్టి, లోపలికి పోయింది. తిట్టినా బాగుండేది. ఆ నీళ్లతోనే అతను రోజా విడిచాడు.

వెంకట్రాజం వచ్చే నెల దాకా ఆగలేదు. గురువారానికల్లా హనుమకొండ పోయి కొత్త బ్యాటరీ తెచ్చాడు. లివరు కూడా బాగు చేయించాడు. రేకు తొడుగు మళ్లీ షాఫ్టు మీదికి ఎక్కింది. తాళంచెవి తిప్పితే ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. ఇన్నాళ్లూ ఇది ఇంత సులువైన పనా అని ఊరు నోరు తెరిచింది.

ఇక ఎవరూ అతన్ని ఆపుడు పాషా అనలేదు. ఉత్త పాషా అన్నారు. ఇమాం పాషాకు ఆ పేరు పోవడం పేరు పెట్టినప్పటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఆపు ఆపు అని అందరి ప్రాణాలు తీసినవాడు, తీరా ఆపవలసినప్పుడు చెయ్యి తీశాడు. ఎవరూ అనలేదు గానీ, అందరి కళ్లలో అతనికి అదే కనిపించింది. కొమురెల్లి బదులు వచ్చిన కొత్త మనిషికి చక్రం నిలబడేదాకా ఆగమని నోటితో చెప్పలేదు. చెయ్యి సైగ చేసి ఊరుకున్నాడు.

ఆదివారం వచ్చింది. మిషనుకు నూనె పెట్టాలని ఇమాం పాషా కళ్లానికి వచ్చాడు. నూనె డబ్బా పట్టుకున్నాడు గానీ పని సాగలేదు. ట్రాక్టరు నీడలో కూర్చుని ఊరి వైపు చూశాడు. వెంకట్రాజం అరుగు మీద అప్పటికే జనం చేరారు. దూరం నుంచి టీవీ పాట వినిపిస్తోంది.

పాట మధ్యలో తెగింది. కరెంటు పోయింది. బాటరీ అన్న కేక మాత్రం ఈసారి రాలేదు. ఇమాం పాషాకు మనసు కాస్త తేలికపడింది. కానీ కాసేపటికి దిబ్బ ఎక్కుతూ వెంకట్రాజమే వచ్చాడు. మనిషిని పంపకుండా తనే వచ్చాడంటే సిగ్గుపడే వచ్చాడు.

"పాషా, ఏమనుకోకు. ముసలోళ్లు కూసున్నరు. లేవుమంటె లేస్తలేరు. ఒక్క గంట. కొత్త బాటరీ, దీనికేం కాదు. జర పాన అందుకో."

ఇమాం పాషా ఆయన మొహంలోకి చూశాడు. కాదనాలి. నోటి చివరిదాకా వచ్చింది. కానీ కాదనడానికి నేనెవరిని అనిపించింది. నా కాదు అనేదానికి విలువ ఉన్న రోజు నేనే పోగొట్టుకున్నాను. ఇయ్యాల కాకపోతే వచ్చే ఆదివారం, అప్పుడూ కాకపోతే ఆ పై ఆదివారం. వీళ్లకు అలుపు లేదు, నాకు ఉంది. లేచాడు. సంచిలోంచి పాన తీశాడు. బ్యాటరీ పెట్టె మూత తెరిచి, బోల్టుకు పాన తగిలించి తిప్పాడు. బోల్టు కొత్తది, సులువుగా వదులైంది.

"ఆపు, పాషన్నా."

వెనక్కి తిరిగాడు. కట్టమ్మ. నెత్తి మీద సద్ది గిన్నె, చంకలో బట్టల మూట. బియ్యానికో దేనికో ఊరికి వచ్చి, మళ్లీ వరంగల్ బస్సుకు పోతున్నట్టుంది. దిబ్బ ఎక్కి రొప్పుతోంది. వారం రోజుల్లో మనిషి సగమైంది.

"ఒక్క గంటనే కట్టమ్మా" అన్నాడు వెంకట్రాజం నెమ్మదిగా.

కట్టమ్మ ఆయన వైపు చూడలేదు. గిన్నె దించి, మూట విప్పింది. అందులోంచి మడత విప్పని కొత్త తువ్వాల తీసింది. ఎర్ర అంచు, గంజి వాసన.

"మా చెల్లె శకుంతల లగ్గంల పెట్టిన తువ్వాల. పెట్టెలనే ఉన్నది. ఆ సోమారం పొద్దుగాల తీసి ఇచ్చిన. పాతది మొత్తం పీలికలైంది, ఇది కట్టుకో, నలుగురు నవ్వుతాండ్లు అన్న. పాతది చినిగినంక కడుత తీయవే అన్నడు. నేను ఇంకొక్క మాట అని కట్టిపిస్తె..." ఆమె ఆగింది. తువ్వాల రెండు కొసలు పట్టుకుని గట్టిగా లాగింది. అది చినగలేదు. మళ్లీ లాగింది. "సూడు. గిది చినుగది."

ఇమాం పాషా పానను బోల్టు మీంచి తీశాడు.

"చెయ్యి తీసింది నేను, చెల్లె" అన్నాడు. వారం రోజులుగా ఎవరికీ చెప్పలేక మింగిన మాట అది.

"చెయ్యి తీసింది నువ్వే. నేను కాదంటలేను. నూకనని కూసున్నది నేను. ఆపుతె సూడు అని ఒర్రింది నేను. బాటరీ దీస్కరమ్మని ఆదివారం అందరికంటె గట్టిగ ఒర్రింది గూడ నేనే. నువ్వొక్కనివి ఎంతమందిని పట్టుకుంటవ్?" ఆమె కళ్లు తుడుచుకోలేదు, అలాగే మాట్లాడింది. "ఆపుడు పాషా అని పేరు పెట్టినం గదా. ఇప్పుడెందుకు ఆపుతలేవ్? ఆపు."

ఆ మాటకు ఇమాం పాషా గుండె కరిగిపోయింది. ఏడుపు వచ్చింది. వెంకట్రాజం ఎదురుగా ఉన్నాడన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాడు. కట్టమ్మ మూట కట్టుకుని, ట్రాక్టరు మెట్టు మీద, బ్యాటరీ పెట్టెకు వీపు ఆనించి కూర్చుంది. వెంకట్రాజం ఆమె ఒళ్లోని తువ్వాలను చూసి, దిబ్బ దిగిపోయాడు.

కింద అరుగు మీద కాసేపు గోల వినిపించింది. తరవాత ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి ఇళ్ల దారి పట్టారు. మొగిలమ్మ మాత్రం ఇంటికి పోకుండా, తిట్టుకుంటూ, మోకాళ్లు పట్టుకుంటూ దిబ్బ ఎక్కి వచ్చి, కట్టమ్మ పక్కన కూర్చుంది.

"బస్సుకు టైమున్నదే?" అని అడిగింది.

"ఉన్నది పెద్దమ్మా. పాషన్న బోల్టు బిగిచ్చినంక పోత" అంది కట్టమ్మ.

ఇమాం పాషా పానను మళ్లీ బోల్టుకు తగిలించి, అది ఇక తిరగననేదాకా బిగించాడు.